మేడారం జ్ఞాపకనిధి: నియత సంరక్షణ, నష్ట నివారణ, పునరుద్ధరణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

కంప్యూటర్లలో భద్రపరిచిన సమాచారం నశించకుండా కాపాడుకోవడానికి నేటి సాంకేతిక లోకం కొన్ని నియమాలను పాటిస్తున్నది. ఒకటికి మించిన ప్రతులు ఉంచడం, వాటిని వేర్వేరు చోట్ల దాచడం, నిర్ణీత కాలానికి సరిచూడడం, నష్టం జరిగినప్పుడు తిరిగి రాబట్టే విధానాన్ని ముందే పరీక్షించుకోవడం వాటిలో ముఖ్యమైనవి. ములుగు జిల్లాలోని మేడారం కేంద్రంగా నిలిచిన సమ్మక్క–సారలమ్మల సంప్రదాయంలో ఈ సూత్రాలు ఏ రూపంలో ఉన్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ సంప్రదాయం నిలవడానికి కారణం శాశ్వతమైన మాధ్యమం కాదని, క్రమం తప్పని సంరక్షణ అని ప్రతిపాదిస్తుంది. రికార్డింగులను, మ్యూజియంను మాత్రమే నమ్ముకుంటే కలిగే ప్రమాదాన్ని చర్చిస్తుంది.

కీలక పదాలు: మేడారం, సమ్మక్క–సారలమ్మ, కోయ డోలి, పడిగె, గుడిమెలిగె, కైఫీయతులు, డేటాబేస్, బ్యాకప్.

1. ఉపోద్ఘాతం:

ఒక సమాజం తన గురించి తాను తెలుసుకున్న విషయాలను ఎక్కడో ఒకచోట దాచుకుంటుంది. వంశాలు, వరుసలు, పొలిమేరలు, యుద్ధాలు, మొక్కులు అన్నీ అందులో చేరతాయి. రాజ్యాలు వాటిని శిలలపైన, రాగిరేకులపైన చెక్కించాయి. పండితులు తాటాకులకు ఎక్కించారు. నేటి ప్రభుత్వాలు, సంస్థలు డేటాబేస్‌లలో నిలువ చేస్తున్నాయి. మాధ్యమం మారినా సమస్య మారలేదు. దాచినది పోతే ఎలా? పోయిందన్న సంగతి ఎప్పుడు తెలుస్తుంది? తిరిగి తెచ్చుకునే దారి ఏది?

డేటాబేస్ నిర్వాహకులు ఈ ప్రశ్నలకు దీర్ఘానుభవంతో కొన్ని జవాబులు సిద్ధం చేసుకున్నారు. కనీసం మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరొక ఊళ్లో ఉండాలన్నది వాటిలో బాగా ప్రచారంలో ఉన్న సూత్రం. అయితే ప్రతులు ఉన్నంత మాత్రాన సరిపోదని 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగిన ఘటన రుజువు చేసింది. ఒక ఉద్యోగి పొరపాటున ప్రధాన సర్వరులోని సమాచారాన్ని తొలగించాడు. ఆ సంస్థకు అయిదు రకాల రక్షణ ఏర్పాట్లు ఉన్నా, అవసరమైన వేళ ఏదీ సక్రమంగా పనిచేయలేదు. రోజువారీ బ్యాకప్ చాలాకాలంగా విఫలమవుతున్నది. ఆ వైఫల్యాన్ని తెలియజేయవలసిన ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. వేరే పనికోసం ఆరు గంటల ముందు తీసిపెట్టిన ఒక ప్రతి దొరకడంతో మిగిలిన సమాచారం దక్కింది. ఆ ఆరు గంటలలో చేరినది మాత్రం పోయింది. బ్యాకప్ ఉందన్న నమ్మకం వేరు, దానినుంచి సమాచారాన్ని నిజంగా రాబట్టగలగడం వేరు.

ఈ భేదాన్ని దృష్టిలో ఉంచుకొని మేడారాన్ని పరిశీలిస్తే, భక్తి, వీరగాథ అనే రెండు కోణాలకు తోడు మూడో కోణం కనబడుతుంది. లిపి లేకుండా, రాజాశ్రయం లేకుండా తరతరాలుగా నిలిచిన ఒక జ్ఞాపకనిధి నిర్వహణ అది.

2. తెలుగు లిఖిత సంప్రదాయంలో నష్టం, పునర్లేఖనం:

మౌఖిక సంప్రదాయం చంచలమని, రాత స్థిరమని ఒక అభిప్రాయం ఉంది. తెలుగు లిఖిత చరిత్ర దీనిని పూర్తిగా సమర్థించదు. తాటాకు గ్రంథానికి పురుగు, తేమ, నిప్పు నిత్యశత్రువులు. అందుకే ఆకులకు నిమ్మగడ్డి నూనె వంటివి పూయడం, దుమ్ము దులపడం, శిథిలమవుతున్న ప్రతిని కొత్త ఆకులపై ఎత్తి రాయడం గ్రంథపాలనలో భాగమయ్యాయి. నూనె నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి తన గ్రంథాన్ని కాపాడమని లేఖకుడు చివర వేడుకోవడం భారతీయ రాతప్రతులలో పరిపాటి. నేడు మన చేతికి అందిన ప్రాచీన కావ్యాలలో కవి స్వహస్తంతో రాసిన ప్రతులు మృగ్యం. ఉన్నవి ప్రతికి ప్రతిగా వచ్చినవి.

కాగితం విషయమూ ఇంతే. కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) ఆధ్వర్యంలో కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి గ్రామ చరిత్రలను సేకరించారు. కైఫీయతులుగా ప్రసిద్ధమైన ఆ పత్రాలు మెకంజీ మరణించిన రెండు దశాబ్దాల లోపే చీకిపోసాగాయి. నాసి కాగితం, నాణ్యత లేని సిరా, చెదపురుగు అందుకు కారణాలు. 1830లలో విలియం టేలర్ వాటిని పరిశీలించి, శిథిలావస్థలో ఉన్న కొన్నింటిని తిరిగి రాయించాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) తెలుగు స్థానిక చరిత్రలకు కొత్త ప్రతులు ఎత్తించి సంపుటాలుగా కట్టించాడు. ఆంధ్రదేశ గ్రామచరిత్రకు నేటి పరిశోధకులు ఆధారంగా తీసుకుంటున్న పాఠాలలో చాలాభాగం ఈ పునర్లేఖనం వల్ల మిగిలినదే. సేకరణ ఎంత గొప్పదైనా, దాని వెంట నిర్వహణ లేకపోతే ఒక తరం కూడా దాటదని కైఫీయతుల ఉదంతం చెబుతుంది.

ఇక శిల. మేడారం ఉన్న ములుగు జిల్లాలోనే పాలంపేట రామప్ప దేవాలయం ఉంది. రేచర్ల రుద్రుడు దానిని నిర్మించిన సంగతిని 1213 నాటి శాసనం తెలుపుతుంది. రాయి చెక్కుచెదరలేదు. కాని ఆ సంస్కృత భాష, ఆ నాటి లిపి చుట్టుపక్కల జనానికి అందేవి కావు. 1919లో ఎల్.డి. బార్నెట్ పరిష్కరించగా హైదరాబాద్ ఆర్కియలాజికల్ సిరీస్‌లో ప్రచురితమైన తరువాతే అందులోని విషయం ఆధునిక చరిత్ర రచనకు ఉపకరించింది. మాధ్యమం మిగిలి, చదివే శక్తి మిగలకపోవడం కూడా ఒక రకం సమాచార నష్టమే.

3. మేడారంలో నిలువ ఎక్కడ ఉంది?

ప్రచారంలో ఉన్న గాథ ప్రకారం కాకతీయ ప్రతాపరుద్రునికి కప్పం చెల్లించని కారణంగా కోయల మీదికి సైన్యం వచ్చింది. ఆ పోరులో పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు మరణించారు. జంపన్న సంపెంగవాగులో ప్రాణం విడవగా అది జంపన్నవాగు అయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు సాగి అదృశ్యమైంది. వెతికినవారికి కుంకుమభరిణె కనిపించింది. ఈ కథకు ప్రధానాధారం శాసనం కాదు. కోయల గానం, ఆచారం, ఊళ్ల పేర్లు, వాగులూ గుట్టలూ ఆధారాలు.

ఆ ఆధారాలు ఒక్కచోట లేకపోవడం గమనించవలసిన విషయం. రెండేళ్లకొకసారి మాఘమాసంలో పౌర్ణమి వేళ జరిగే జాతరలో బుధవారం నాడు సారలమ్మ కన్నెపల్లి నుంచి గద్దెకు వస్తుంది. పగిడిద్దరాజును మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలోని పూనుగొండ్ల నుంచి, గోవిందరాజును ఏటూరునాగారం మండలంలోని కొండాయి నుంచి పూజారులు అడవిదారిన కాలినడకన తెస్తారు. గురువారం సమ్మక్క చిలకలగుట్ట నుంచి దిగుతుంది. శనివారం అందరూ తిరిగి వనప్రవేశం చేస్తారు. ఒక్కొక్క వేల్పుకు వేరు ఊరు, వేరు పూజారి కుటుంబాలు, వేరు దారి. మేడారం గద్దెలు ఇవన్నీ కలిసే చోటు మాత్రమే. జాతర ముగిశాక గద్దెల మీద దేవతామూర్తులు మిగలవు. నిధి మళ్లీ ఊళ్లకు, గుట్టకు చేరుకుంటుంది.

ఈ వికేంద్రీకరణ విలువ ఇటీవలి ప్రకృతి వైపరీత్యాలను చూస్తే తెలుస్తుంది. 2023 జులైలో జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామాన్ని ముంచెత్తింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. మేడారం గద్దెల ప్రాంగణంలోకి కూడా నీరు చేరింది. ఏడు నెలలు తిరగకుండానే, 2024 ఫిబ్రవరి 21న మొదలైన జాతర యథావిధిగా జరిగింది. అదే ఏడాది ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు నేలకూలాయి. డిసెంబరు 4న ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇటువంటి నేల మీద ఒకే భవనంలో, ఒకే పెట్టెలో దాచిన జ్ఞాపకానికి భద్రత తక్కువ. ఒక ఊరికి ఆపద వచ్చినా మిగిలిన ఊళ్లకు తమ వంతు క్రతువు తెలిసి ఉండడం, ఎవరు ఎప్పుడు రావాలో అందరికీ ఎరుకలో ఉండడం ఈ ఏర్పాటుకు బలం.

4. మెలిగె: నిర్ణీత కాలానికి జరిగే సంరక్షణ

జాతరకు వచ్చే జనం చూసేది నాలుగు రోజుల వైభవం. కాని జాతర దానికి రెండు వారాల ముందే మొదలవుతుంది. 2024లో ఫిబ్రవరి 7న గుడిమెలిగె, 14న మండమెలిగె, 21 నుంచి 24 వరకు జాతర, 28న తిరుగువారం జరిగాయి. అన్ని ప్రధాన ఘట్టాలూ బుధవారం నాడే మొదలవుతాయి. తేదీలు మారినా ఈ క్రమం మారదు.

గుడిమెలిగె నాడు మేడారం, కన్నెపల్లి తదితర చోట్ల పూజారులు గుళ్లను శుద్ధి చేస్తారు. అడవి నుంచి గడ్డి తెచ్చి కప్పు వేయడం, మట్టితో అలకడం, ముగ్గులు పెట్టడం ఆనాటి పనులు. ఒకప్పుడు ఇవి నిజంగా గడ్డి కప్పిన గుడిసెలు. వానకు తడిసి, ఎండకు ఎండి, చెదలు పట్టే కట్టడానికి ఏటేటా మరమ్మతు తప్పదు. ఆ మరమ్మతే పండుగ అయింది. నేడు గుడి పక్కా కట్టడమైనా గడ్డి తెచ్చే ఆచారం మిగిలింది. వారం తరువాత మండమెలిగె నాడు ఊరి పొలిమేరలకు తోరణాలు కట్టి ఊరిని శుద్ధి చేసుకుంటారు. జాతర జరగని ఏడు కూడా ఖాళీగా పోదు. మాఘమాసంలోనే మండమెలిగెతో చిన్నజాతర జరుపుతారు. ఆ ఏడు దేవతలను గద్దెలకు తీసుకురారు, కాని పూజాక్రమం సాగుతుంది. రెండేళ్లకు పూర్తి ఆవృత్తి, నడుమ చిన్న ఆవృత్తి అన్న ఈ పద్ధతికి, డేటాబేస్ నిర్వహణలో అప్పుడప్పుడు సంపూర్ణ ప్రతి, మధ్యలో పాక్షిక ప్రతులు తీసే పద్ధతికి ప్రయోజనంలో పోలిక ఉంది. ఆవృత్తుల మధ్య విరామం ఎంత తక్కువైతే నష్టం అంత తక్కువ.

ఈ క్రతువులను శుభ్రత పనులుగా మాత్రమే చూడడం సరికాదు. గుడిమెలిగెకు ఏ ఇంటి వారు రావాలి, గడ్డి ఎవరు తేవాలి, ఏ దారిన నడవాలి, డోలు ఎప్పుడు మోగాలి అన్నవన్నీ ఆ రోజు గుర్తుకు తెచ్చుకోక తప్పదు. ఎవరైనా మరణించి ఉంటే ఆ పని ఎవరికి దక్కాలో అప్పుడే తేలాలి. మరచిపోయిన సంగతి జాతర రోజున కాక రెండు వారాల ముందే బయటపడుతుంది. సరిదిద్దుకునే వ్యవధి మిగులుతుంది. చిన్నవాళ్లు పెద్దల వెంట గడ్డి మోస్తూ నేర్చుకుంటారు. సరిచూడడం, సవరించడం, శిక్షణ మూడూ ఒకే పనిలో ఇమిడి ఉన్నాయి. వీటిని మొక్కుగా భావించడం వల్ల వాయిదా వేసే అవకాశం కూడా లేదు.

5. పడిగె, డోలి: ప్రతి, పఠనం

క్రతువు దారిని, వరుసను కాపాడుతుంది. కథను కాపాడేవారు కోయ డోలీలు. కోయ సమాజం గట్లుగా, గోత్రాలుగా విభజితమై ఉంది. ఏ గట్టు ఇలవేల్పు ఏది, ఎవరు ఎవరికి వియ్యం అందాలి, మూలపురుషులు ఎక్కడినుంచి వచ్చారు అన్న విషయాలను డోలు వాయిస్తూ గానం చేసేవారే డోలీలు. వారి గానానికి ఆలంబనం పడిగె. త్రికోణాకారంలో సాగే ఈ పొడవైన గుడ్డపై వేల్పులు, వీరులు, జంతువులు, సూర్యచంద్రులు, గట్టు గుర్తులు బొమ్మలుగా ఉంటాయి. అక్షరం ఉండదు. బొమ్మ చూసి కథ విప్పడం డోలి విద్య.

పడిగె ఒక్కటే ఉంటే అది మూగ. గానం ఒక్కటే ఉంటే వరుస తప్పవచ్చు. బొమ్మల క్రమం గాయకుని జ్ఞాపకాన్ని అదుపులో ఉంచుతుంది. గాయకుని జ్ఞాపకం బొమ్మకు అర్థం ఇస్తుంది. వేల్పుల పండుగలో వింటున్న గట్టు పెద్దలకు తమ వంశక్రమం తెలుసు కనుక తప్పు దొర్లితే అక్కడే పట్టుకుంటారు. ప్రతి ప్రదర్శనా నిలువ చేసిన దానిని తిరిగి రాబట్టగలమా అన్న పరీక్షే. గిట్‌ల్యాబ్ ఘటనలో లోపించినది సరిగ్గా ఇదే.

గుడ్డకు ఆయుష్షు తక్కువ. ఈ విషయంలో తెలంగాణలోని నకాషీ చిత్రకారుల సంప్రదాయం పోల్చదగినది. చేర్యాల పటంగా పేరొందిన ఆ కథాపటాలను కులపురాణాలు చెప్పే కాకిపడగల, కూనపులి మొదలైన ఆశ్రిత కళాకారులు గీయించుకుంటారు. వాడి వాడి పటం శిథిలమైతే, దానినే నమూనాగా ఉంచి నకాషీలచేత కొత్తది రాయించి, పూజ చేసి, పాతదానిని నీటిలో కలుపుతారు. పాత వస్తువును దాచుకోవడం కంటే దానిలోని విషయాన్ని కొత్త వస్తువులోకి మార్చడమే అక్కడ ముఖ్యం. కొత్త ప్రతి సిద్ధమయ్యేదాకా పాతది ఉంటుంది. ఈ వరుస తారుమారు కాకపోవడమే నష్ట నివారణ.

6. తిరగరాత: నష్టానికి మరో రూపం

సమాచారం చెరిగిపోవడం ఒక నష్టం. దాని స్థానంలో మరొకటి చేరి, అసలుది ఇదేనని స్థిరపడడం ఇంకొక నష్టం. ప్రధాన సర్వరులో తప్పు జరిగితే దానిని వెంటనే అనుకరించే నకలు సర్వరులోకి ఆ తప్పు కూడా చేరుతుంది. అందుకే ఏకకాలపు నకలును బ్యాకప్‌గా పరిగణించరు. పాత స్థితిని విడిగా ఉంచుకున్నదే బ్యాకప్.

మేడారం జాతరను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించింది. నేడు కోటి మందికి పైగా వస్తారని ప్రభుత్వ అంచనా. కరపత్రాలు, క్యాసెట్లు, సినిమాలు, టెలివిజన్, సామాజిక మాధ్యమాల ద్వారా ఒకే రకమైన కథ విస్తారంగా ప్రచారమైంది. పొలవాసను ఏలిన మేడరాజుకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ పసిపాప దొరికిందన్న కథాంశం అందులోది. డోలీల గానంలో గట్టు, గోత్రం, పుట్టింటి–మెట్టింటి బంధాలు కథకు వెన్నెముక. ప్రచార కథలో సమ్మక్క దొరికిన బిడ్డ. వంశగానానికి పుట్టుకే ఆధారం కనుక, ఆమె పుట్టుక అజ్ఞాతమైతే కోయ గోత్రవ్యవస్థతో ఆమెకున్న సంబంధం మసకబారుతుంది. ఏ కథనం చారిత్రక సత్యమన్నది వేరే చర్చ. లక్షల ప్రతులున్న కథనం, కొద్దిమంది నోట మిగిలిన కథనాన్ని కప్పివేసే స్థితి వచ్చిందన్నది ఇక్కడి అంశం. ప్రతుల సంఖ్య పెరిగినంత మాత్రాన పాఠం భద్రమైనట్లు కాదు.

7. రికార్డింగుల కాలంలో నిర్వహణ

కోయ, తెలుగు భాషలు రెండింటిలోనూ సమ్మక్క–సారలమ్మల కథను, పగిడిద్దరాజు కథను గానం చేయగల అరుదైన డోలి సకిని రామచంద్రయ్య. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024 జూన్‌లో ఆయన మరణించారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు డోలీల నుంచి సమ్మక్క–సారలమ్మల కథను సేకరించి గ్రంథరూపంలో వెలువరించారు. ఆ కృషి లేకపోతే జరిగే నష్టం ఊహించలేనిది.

అయితే గ్రంథంతో, రికార్డింగుతో పని ముగిసిందనుకోవడం మెకంజీ కైఫీయతుల నాటి పొరపాటునే మళ్లీ చేయడం అవుతుంది. క్యాసెట్టు టేపులోని అయస్కాంత పూత కాలక్రమంలో చెడుతుంది. టేపు బాగున్నా దానిని వినిపించే యంత్రం దొరకదు. హార్డ్‌డిస్కు హఠాత్తుగా ఆగిపోతుంది. ఫైలు తెరుచుకున్నా, అందులోని కోయ మాటకు అర్థం చెప్పగలవారు లేకపోతే అది పాలంపేట శాసనం పొందిన స్థితినే పొందుతుంది. మేడారంలో 2018లో ప్రారంభమైన గిరిజన మ్యూజియం, వరంగల్లులోని తెలుగు విశ్వవిద్యాలయ జానపద గిరిజన విజ్ఞాన పీఠం, 2023 చట్టసవరణతో ములుగులో ఏర్పాటైన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఈ నిధి నిర్వహణకు సహజమైన వేదికలు. ఒక సంస్థ వద్ద ఉన్నది మరొక సంస్థ వద్ద కూడా ఉండాలి.

మేడారం ఆచారాన్నే నమూనాగా తీసుకొని కొన్ని సూచనలు చేయవచ్చు.

అ) ప్రతి రికార్డింగుకు కనీసం మూడు ప్రతులు ఉండాలి. ఒకటి ములుగు ప్రాంతానికి వెలుపల, ఒకటి డోలి కుటుంబం వద్ద ఉండాలి.

ఆ) మెలిగె వారాలనే గడువుగా పెట్టుకొని ఫైళ్లన్నీ తెరిచి, విని, చెడినవాటిని మంచి ప్రతి నుంచి పునరుద్ధరించాలి. చిన్నజాతర ఏడు కొత్తగా చేరినవాటిని సరిచూడాలి.

ఇ) గాయకుడు, ఊరు, గట్టు, సందర్భం, తేదీ వివరాలను రికార్డింగుతో పాటే భద్రపరచాలి. ఒక కథనాన్ని మరొకదానితో కలిపి ఏకపాఠంగా మార్చకూడదు. ప్రతి పాఠాంతరాన్నీ విడిగా ఉంచాలి.

ఈ) డోలి కుటుంబాల పిల్లలు రికార్డింగు విని పడిగె ముందు కథ చెప్పగలుగుతున్నారా అన్నదే పునరుద్ధరణకు పరీక్షగా భావించాలి. ఆ శిక్షణకు వేతనం, పడిగెల తయారీకి సహాయం అందాలి.

ఉ) చిలకలగుట్ట క్రతువు వంటి గోప్యమైన ఆచారాలను రికార్డు చేయాలా వద్దా అన్న నిర్ణయం కోయ పూజారులదే. భద్రత పేరిట గోప్యతను భంగపరచడం సంరక్షణ కాదు.

8. ముగింపు:

తాటాకు, కైఫీయతు, శిల, పడిగె, టేపు, డేటాబేస్ అన్నీ నశించేవే, లేదా చదివేవారు లేక మూగబోయేవే. వాటి మధ్య భేదం ఆయుష్షులో కంటే నిర్వహణలో ఉంది. మెకంజీ సేకరణను టేలర్, బ్రౌన్‌ల పునర్లేఖనం ఆదుకుంది. మేడారం జ్ఞాపకాన్ని గడ్డి కప్పే చేతులు, డోలు వాయించే చేతులు, పడిగె ముందు తప్పు పట్టగల పెద్దలు కాపాడుతూ వచ్చారు. నశించే వస్తువును ఎంచుకొని, దానిని మళ్లీ మళ్లీ చేయక తప్పని ఏర్పాటు చేసుకోవడమే ఈ సంప్రదాయం సాధించిన విజయం.

జాతరకు రోడ్లు, నీరు, వసతులపై ప్రభుత్వాలు భారీగా వెచ్చిస్తున్నాయి. అది అవసరమే. కథను మోసే డోలి కుటుంబాలకు, వారి పడిగెలకు, వారి రికార్డింగులకు కూడా రెండేళ్లకొకసారి ఒక మెలిగె జరగాలి. అది ఆగిన ఏడు గద్దెల దగ్గర జనసందోహం తగ్గదు. అందువల్లనే ఆ నష్టం ఎవరి దృష్టికీ రాకుండా జరిగిపోయే ప్రమాదం ఉంది.